నవ్వని షెరీఫు

శౌరయ్య డ్యూటీ దిగి, కాళ్ళూ చేతులూ కడుక్కుని అన్నానికి కూర్చునేసరికి హెలెన్ ఎదురు కుర్చీలో ఫోను పట్టుకుని నవ్వుతూ ఉంది. మామూలు నవ్వు కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అదీ చాలక తల గోడకి ఆనించి, ఊపిరందక నవ్వుతోంది.

"ఏవండీ, ఒక్కసారి ఇటు చూడండి. ఇప్పుడు గుర్రం ఎక్కుతాడు."

శౌరయ్య పప్పన్నం కలుపుతూనే తల తిప్పి చూశాడు. వాన చినుకుల్లా గీతలు పడుతున్న నలుపూ తెలుపూ బొమ్మ. మాటల్లేవు. వెనక ఎవరో పియానో వాయిస్తున్నారు. గొడుగంత టోపీ పెట్టుకున్న సన్నటి మనిషొకడు, ఛాతీ మీద నక్షత్రం బిళ్ళ ఉంది కాబట్టి ఆ ఊరికి పోలీసు అనుకోవాలి, ఠీవిగా గుర్రం దగ్గరికి నడిచాడు. రికాబులో కాలు పెట్టి ఎగిరాడు. ఊపు ఎక్కువై ఇటు ఎక్కి అటు జారిపడ్డాడు. లేచి, టోపీ దులుపుకుని, అటు నుంచి ఎగిరాడు. ఇటు పడ్డాడు. గుర్రం మెడ తిప్పి అతన్ని ఓసారి చూసి, మళ్ళీ గడ్డి మేయసాగింది.

హెలెన్ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"నడుం విరిగుండేది," అన్నాడు శౌరయ్య. "కొంచెం పెరుగు వెయ్యి."

పెరుగు వేస్తూ కూడా ఆవిడ నవ్వుతూనే ఉంది. ఆ సినిమా వందేళ్ళ నాటిది. హెలెన్ చిన్నప్పుడు విజయవాడలో సిస్టర్ల హాస్టల్లో ఉండి చదువుకుంది. పరీక్షలైపోయాక, సెలవులకి ఇళ్ళకి పంపే ముందు, సిస్టర్లు భోజనాల హాల్లో తెల్లదుప్పటి కట్టి ప్రొజెక్టరు మీద ఆ మూగ సినిమా వేసేవాళ్ళు. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, అందులో మాటలే లేవు. ఎన్నేళ్ళు గడిచినా అందులోని ఒక్కొక్క చేష్ట ఆవిడకి కంఠతా ఉంది. సినిమా పేరు మాత్రం గుర్తులేదు. ఊళ్ళో ఆవిడ దగ్గర చదువుకుని, ఇప్పుడు గవర్నర్‌పేటలో మొబైల్ షాపులో పనిచేసే బెన్నీకి ఆ కథంతా పదిసార్లు చెప్పగా చెప్పగా, ఆ కుర్రాడు ఎక్కడెక్కడో వెతికి, ఇదేనా టీచర్ గారూ అంటూ ఫోనులో పెట్టిచ్చాడు.

ఆ రోజు నుంచీ ఇంట్లో ఇదే పాట. తుపాకి పేలిస్తే గుండు దూసుకుపోకుండా గొట్టంలోంచి జారి కాళ్ళ దగ్గర పడటం, షెరీఫు, అంటే ఆ నక్షత్రం బిళ్ళ పోలీసు, దాన్ని తీసి, తుడిచి, జేబులో వేసుకోవడం ఒకటి. దొంగ చెక్కపీపా కింద దూరి నడిచిపోతుంటే, ఆ పీపానే ఆపి దొంగ ఎటు పోయాడని అడగడం ఇంకోటి. ఎద్దు మెడకి ఉచ్చుతాడు విసిరితే అది తన కాళ్ళకే బిగుసుకోవడం మరోటి. కల్లు దుకాణంలాంటి చోట రెండు రెక్కల తలుపు, తోసుకుని లోపలికి పోతే తిరిగొచ్చి వీపు మీద కొట్టడం. అన్నిట్లోకీ గుర్రం ఎక్కడమే గొప్పదని హెలెన్ తీర్పు.

"మీకు ఒక్కటి కూడా నచ్చలేదా?"

"పడ్డవాణ్ణి చూసి నవ్వడమేంటే?" అన్నాడు శౌరయ్య చెయ్యి కడుక్కుంటూ.

శౌరయ్య నవ్వడని ఊరందరికీ తెలుసు. విజయవాడ నుంచి ఉయ్యూరు తిరిగే బస్సులో కండక్టరు. ఆడవాళ్ళకి టికెట్ డబ్బులు లేకుండా అయ్యాక బస్సులో కాలు పెట్టే సందుండదు. అలాంటి రద్దీలో కూడా ఆయన గొంతెత్తడు. కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూస్తే చాలు, ఫుట్‌బోర్డు మీద వేలాడే కుర్రాళ్ళు లోపలికి జరుగుతారు. కఠినమైన మనిషి అనుకునేవాళ్ళు. హెలెన్ కూడా పెళ్ళైన కొత్తలో అలాగే అనుకుని, తర్వాత కాదని తెలుసుకుని, ఈయన ముఖమే అంతలే అని సరిపెట్టుకుంది.

కంకిపాడు దాటి లోపలికి ఉంటుంది వాళ్ళ ఊరు. డిసెంబరు మొదట్లో పునీత శౌరివారి పండగ ఆ విచారణకి, అంటే ఆ చర్చి కిందున్న ఊళ్ళన్నిటికీ, పెద్దపండగ. పూజ, తేరు ఊరేగింపు, ఆ తర్వాత గుడి ఆవరణలో స్టేజీ మీద యూత్ వాళ్ళ కార్యక్రమాలు. కిందటేడు ఓ నాటిక వేశారు. మైకులు కీచుమనడం తప్ప ఒక్క మాట జనం చెవినపడలేదు. చివరికి ఎవరు చచ్చారో ఎవరు మారుమనసు పొందారో ఎవరికీ తెలియలేదు.

"ఈసారి మాటలే వద్దు," అంది హెలెన్ పండగ మీటింగులో. "మూగ నాటకం వేద్దాం. కౌబాయ్ కామెడీ."

ఫాదర్ గారు నవ్వి సరేనన్నారు. బెన్నీ షెరీఫు. శౌరయ్య బస్సు నడిపే డ్రైవరు యేసుకుమార్ గుర్రానికి ముందుకాళ్ళు, అతని తమ్ముడు వెనకకాళ్ళు. హెలెన్ పాత గోధుమరంగు కర్టెన్లు కలిపి గుర్రానికి ఒళ్ళు కుట్టింది, కొబ్బరిపీచుతో జూలు పెట్టింది. గుడిలో కీబోర్డు వాయించే క్రిస్టినా వెనక నుంచి పాట, కొబ్బరి చిప్పలతో డెక్కల చప్పుడు.

రోజూ సాయంత్రం గుడి పక్క హాల్లో ప్రాక్టీసు. అన్నీ కుదిరాయి కానీ షెరీఫు కుదరలేదు. బెన్నీకి నవ్వాగదు. పడబోయే ముందే పళ్ళికిలిస్తాడు. తుపాకి తీయకముందే భుజాలు ఎగరేస్తాడు.

"ఒరేయ్, నువ్వే ముందు నవ్వేస్తే జనానికి ఏం మిగులుతుందిరా?" అని హెలెన్ తల పట్టుకుంది.

"రాకుండా ఆపుకోవడం నా వల్ల కావట్లేదండీ టీచర్ గారూ. ఆ గుర్రం ముఖం చూస్తేనే వచ్చేస్తోంది."

ఒక సాయంత్రం శౌరయ్య డ్యూటీ దిగి, హెలెన్‌ని బండి మీద తీసుకెళ్దామని హాలుకి వచ్చాడు. ఆ రోజే పాత ఫ్లెక్సీ ఫ్రేములకి అట్టలు కొట్టి, రబ్బరు పట్టీలు బిగించి రెండు రెక్కల తలుపు నిలబెట్టారు. అదేదో తెలియక శౌరయ్య దాన్నే తోసుకుని లోపలికి అడుగుపెట్టాడు. రెక్క తిరిగొచ్చి వీపు మీద చరిచింది. ఎవరా అని వెనక్కి తిరిగాడు. రెండో రెక్క వచ్చి భుజానికి తగిలింది. చంకలో ఉన్న టిఫిన్ క్యారేజీ జారింది. వంగి దాన్ని అందుకోబోతే మొదటి రెక్క మళ్ళీ వచ్చి వెనక నుంచి ఒక్క నెట్టు నెట్టింది. శౌరయ్య నిలదొక్కుకుని, క్యారేజీ సర్దుకుని, కళ్ళజోడు పైనుంచి ఆ తలుపు వంక చూశాడు. టికెట్ లేకుండా ఎక్కినవాణ్ణి చూసే చూపు అది. తలుపు కిర్రుమని ఆగిపోయింది.

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. గుర్రం ముందుకాళ్ళు కింద కూలబడ్డాయి. బెన్నీ నేలమీద దొర్లుతున్నాడు. అందరికంటే గట్టిగా హెలెన్ నవ్వు వినిపించింది.

శౌరయ్య వచ్చిన దారినే బయటికి నడిచి బండి స్టార్ట్ చేసి కూర్చున్నాడు.

హెలెన్ వచ్చి వెనక ఎక్కింది. కాలువ గట్టు మీద మంచు దిగుతోంది. కోత కోసిన చేల నుంచి పచ్చిగడ్డి వాసన వస్తోంది. ఇంటి ముందు బండి ఆపాక హెలెన్ అడిగింది.

"కోపమొచ్చిందా?"

"నాకు కోపమెందుకు?"

"మరి టీ అయినా తాగకుండా వచ్చేశారు కదా."

శౌరయ్య అరుగు మీద కూర్చుని బూట్లు విప్పుకున్నాడు. రెండోది విప్పుతూ, దానితోనే మాట్లాడుతున్నట్టు తల వంచుకుని చెప్పాడు.

"ఉయ్యూరు బళ్ళో చదివేటప్పుడు నన్ను గొర్రు అనేవాళ్ళు. దుక్కి గొర్రులా ఎత్తుపళ్ళని గొర్రుపళ్ళోడు అని. ఓసారి మేష్టారు పాఠం చదవమంటే ఏదో గుర్తొచ్చి నవ్వాను. ఎవడో వెనక నుంచి, ఒరేయ్ గొర్రు బయటికొచ్చింది, చేలో దించండ్రా అన్నాడు. క్లాసంతా నవ్వారు. మేష్టారు కూడా నవ్వారు. ఇవాళ హాల్లో సరిగ్గా అదే నవ్వు విన్నట్టయింది నాకు."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన ఈ సంగతి చెప్పడం ఇదే మొదలు. పెళ్ళి ఫోటోలో ఆయన పెదాలు బిగించుకుని ఎందుకున్నాడో, హెలెన్ ఎంత నవ్వించబోయినా ముఖం పక్కకి ఎందుకు తిప్పుకుంటాడో ఇప్పుడు అర్థమైంది.

"ఆ పళ్ళు నేను రోజూ చూస్తూనే ఉన్నాగా," అంది పక్కన కూర్చుని. "నాకెప్పుడూ గొర్రులా కనబడలేదు."

"నీ సంగతి వేరు."

"ఒక మాట చెప్తాను వినండి. ఇవాళ నేను మీ మీద నవ్వలేదు. ఆ తలుపు మీద నవ్వాను. మీరు చూసిన చూపుకి పాపం అది హడలిపోయి ఆగిపోయింది చూశారా? ఆ తలుపుని అంతలా భయపెట్టినవాడు ఈ ఊళ్ళో ఇంకొకడు లేడు."

శౌరయ్య పెదవి చివర కొంచెం కదిలింది. వెంటనే లేచి స్నానానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు విజయవాడ బస్టాండులో ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఖాళీ దొరికింది. యేసుకుమార్ టీ తెస్తానని వెళ్ళాడు. శౌరయ్య బస్సులో తన సీట్లో కూర్చుని, బెన్నీ పంపించిన ఆ సినిమా ఫోనులో తెరిచాడు. చుట్టూ మైకుల్లో బస్సుల పేర్లు చదువుతున్నారు, జామకాయలమ్మే వాళ్ళు కేకలేస్తున్నారు. బొమ్మలో మాత్రం ఏ గొడవా లేదు.

ఇంట్లో అన్నం తింటూ ఓరకంట చూసింది వేరు, ఇప్పుడు చూస్తున్నది వేరు. ముందు ఆయనకి కనబడింది ఆ షెరీఫు ముఖం. అతను సినిమా మొత్తం మీద ఒక్కసారి కూడా నవ్వలేదు. పడ్డాడు, లేచాడు, టోపీ సరిచేసుకున్నాడు, ప్రపంచమంతా సవ్యంగానే ఉందన్నట్టు మళ్ళీ గుర్రం దగ్గరికి నడిచాడు. శౌరయ్య ఆ భాగం వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు. మూడోసారి చూసేసరికి ఒక సంగతి తెలిసింది. ఆ మనిషి పడటం లేదు. పడాలనుకుని పడుతున్నాడు. రికాబులో కాలు పెట్టే ముందు ఒక్క క్షణం ఆగుతున్నాడు. ఆ క్షణంలో మనందర్నీ తన చేతిలోకి తీసుకుంటున్నాడు. నవ్వు మన దగ్గర నుంచి అతని మీదికి రావడం లేదు. అతనే మనకి ఇస్తున్నాడు.

"ఏంటి గురువుగారూ, మీరు కూడా మొదలెట్టారా?" అంటూ యేసుకుమార్ టీ గ్లాసు అందించాడు.

"ఇతనికి ముప్ఫై మంది ఎదురుగా ఉన్నా, మూడొందల మంది ఉన్నా ఒకటేనంటావా?"

"ఎవరికి?"

"ఎవరికీ లేదులే. బండి తీయి, టైమైంది."

ఆ ట్రిప్పులోనే పెనమలూరు దగ్గర ఒక చిన్నపిల్ల ఏడుపు అందుకుంది. తల్లి ఒళ్ళో కూర్చుని బస్సు కప్పు లేచిపోయేలా ఏడుస్తోంది. తల్లి బతిమాలింది, పక్కావిడ బిస్కెట్టు ఇచ్చింది, ఎవరో కసిరారు. ఏదీ పనిచెయ్యలేదు. శౌరయ్య వాళ్ళ దగ్గరికొచ్చి తల్లికి జీరో టికెట్ కొట్టాడు. టికెట్ చేతికివ్వబోయి, ఎందుకో ఆగాడు. ఆ కాగితాన్ని పిల్ల చూస్తుండగానే తన చెవి మీద పెట్టుకున్నాడు. తర్వాత టికెట్ కోసం వెతకడం మొదలెట్టాడు. చొక్కా జేబు చూశాడు. బ్యాగు చూశాడు. మిషన్ తిరగేసి దులిపాడు. ముందు సీటు పెద్దాయన తలపాగా ఎత్తి కింద చూశాడు. ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు, అదే కండక్టరు ముఖం.

పిల్ల ఏడుపు తగ్గింది. తర్వాత ఆగింది. వేలు చాపి, "చెవి," అంది.

శౌరయ్య ఎడమ చెవి తడుముకున్నాడు. టికెట్ కుడి చెవి మీద ఉంది. పిల్ల కిలకిల నవ్వి, "అది కాదు, అటు," అంది. బస్సులో సగం మంది అప్పటికే నవ్వుతున్నారు. ఆ నవ్వు తన చుట్టూ లేస్తుంటే శౌరయ్యకి వీపు బిగుసుకోలేదు. చలికాలం పొద్దున ఎండలో నిలబడ్డట్టు ఒళ్ళు వెచ్చబడింది.

సాయంత్రం హాలుకి వెళ్ళి బెన్నీ తల మీది టోపీ తీసి తను పెట్టుకున్నాడు.

"నువ్వు దొంగవేషం వేసుకో. దొంగ నవ్వినా తప్పులేదు."

బెన్నీ ఆనందానికి అంతులేదు. "బాబాయ్ గారూ, మీరు నిజంగానే వేస్తారా? నా పరువు కాపాడారండీ," అని ఆయన చేతులు పట్టుకున్నాడు. హెలెన్ మాత్రం కుట్టుకుంటున్న గుర్రం తోకని ఒళ్ళో పెట్టుకుని, ఆయన వంక అలా చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత ప్రాక్టీసు ఇంట్లో కూడా సాగింది. శౌరయ్య పెరట్లో సిమెంటు బెంచీ ఎక్కి పరుపు మీద పడటం నేర్చుకున్నాడు. గోడవతల ఉండే సీతమ్మ ఓ రోజు ఇది చూసి, శౌరయ్యకి ఏదో అయిందని కంగారుగా పరిగెత్తుకొచ్చింది. ఆవిడకి చెవులు సరిగా వినబడవు. హెలెన్ ఎంత అరిచి చెప్పినా ఎక్కలేదు. చివరికి శౌరయ్యే మళ్ళీ బెంచీ ఎక్కి, ఠీవిగా నిలబడి, గుర్రం కళ్ళెం లాగినట్టు చేసి, అటు జారిపడి చూపించాడు. సీతమ్మ నోరు నొక్కుకుని నవ్వి, "పండగకి నేను ముందు వరసలో కూర్చుంటా," అని చెప్పి వెళ్ళింది.

పండగ నాడు పూజ అయింది, తేరు ఊరేగింది. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న కబురు పొద్దున్నుంచే ఫోనుల్లో తిరుగుతోంది. కోయని చేలున్నవాళ్ళు కోత మిషన్ల కోసం పరుగులు పెడుతున్నారు. సంధ్యవేళ స్టేజీ మీద లైట్లు వెలిగి, పిల్లల డాన్సులు మొదలయ్యాయో లేదో, యేసుకుమార్ ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"మా తమ్ముడు రాలేడండీ. మిషన్ ఇప్పుడే వాడి చేలోకి దిగిందంట. ఇవాళ తప్పితే మళ్ళీ దొరకదు."

"తప్పు లేదులే, పంట ముఖ్యం," అంది హెలెన్. "మరి వెనకకాళ్ళు ఎవరు?"

యూత్ వాళ్ళంతా ఏదో ఒక ఐటంలో ఉన్నారు. గుర్రం ఒళ్ళు కుట్టిన కొలతకి సరిపోయే మనిషి, ఎప్పుడు ఎటు తిరగాలో తెలిసిన మనిషి అక్కడ ఒక్కతే ఉంది. హెలెన్ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, కర్టెన్ గుడ్డ అందుకుంది.

"నువ్వా?" అన్నాడు శౌరయ్య. "నువ్వు చూడాలనే కదా ఇదంతా. లోపల దూరితే నీకేం కనపడుతుంది?"

"ఏమీ కనపడదు. యేసుకుమార్ బెల్టు తప్ప."

"అయితే గుర్రం వద్దు. అది తీసేసి వేద్దాం."

"గుర్రం లేకపోతే షెరీఫు దొంగని పట్టుకోవడానికి నడిచిపోతాడా? సిటీ బస్సెక్కుతాడా?" అని కసిరింది. తర్వాత గొంతు తగ్గించి, "నేను వింటానులెండి. చూడకపోయినా వినబడుతుందిగా," అంది.

క్రిస్టినా పాట అందుకుంది. శౌరయ్య టోపీ సరిచేసుకుని స్టేజీ మీదికి నడిచాడు. కింద ఊరంతా ఉంది. బస్సులో రోజూ ఎక్కే ముఖాలే. ఆయన ఆగి, ఊపిరి పీల్చుకుని, జనం వైపు కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూశాడు. ముందు వరసలో సీతమ్మ పకాలున నవ్వింది. అక్కడి నుంచి ఇక భయం లేదు.

రెక్కల తలుపు తన పని తాను చేసింది. తుపాకి గుండు, అంటే రేగుపండు, జారి పడితే దాన్ని తుడిచి నోట్లో వేసుకున్నాడు. దొంగ వేషంలో బెన్నీ నీళ్ళ డ్రమ్ము కింద దూరి నడిచిపోతుంటే, షెరీఫు ఆ డ్రమ్ముని ఆపి, దొంగ ఎటు పోయాడని సైగ చేసి అడిగాడు. డ్రమ్ములోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఉయ్యూరు వైపు చూపించింది. షెరీఫు డ్రమ్ముకి సెల్యూట్ కొట్టి, విజయవాడ వైపు బయల్దేరాడు.

అప్పుడు గుర్రం వచ్చింది. మొదటిసారి ఎక్కి అటు పడ్డాడు. రెండోసారి ఇటు పడ్డాడు. మూడోసారి మెల్లిగా, జాగ్రత్తగా ఎక్కి నిలిచాడు. నిజానికి ఆయన కాళ్ళు నేల మీదే ఉన్నాయి, గుర్రం నడుము ఆయన కాళ్ళ సందున ఉంది. చప్పట్లు మోగాయి. క్రిస్టినా కొబ్బరి చిప్పలు జోరందుకున్నాయి. షెరీఫు కళ్ళెం విదిల్చాడు.

యేసుకుమార్ ఎడమవైపు తిరిగాడు. అటూ ఇటూ పడ్డ ఊపులో దిక్కు తప్పిన హెలెన్ కుడివైపు తిరిగింది. గుర్రం నడుం దగ్గర కుట్లు పటపటమని విడిపోయాయి. ముందుకాళ్ళు తలతో సహా స్టేజీకి ఓ మూలకి పరిగెత్తాయి. వెనకకాళ్ళు తోకతో సహా రెండో మూలకి పోయాయి. మధ్యలో శౌరయ్య, కింద ఏమీ లేకుండా, స్వారీ చేస్తున్న భంగిమలోనే నిలబడిపోయాడు.

కొబ్బరి చిప్పలు ఆగాయి. జనం నిశ్శబ్దమైపోయారు. తెర లాగాలా వద్దా అని బెన్నీ డ్రమ్ములోంచి తల బయటపెట్టాడు.

శౌరయ్య కంగారు పడలేదు. తాపీగా కిందికి చూశాడు. గుర్రం లేదు. కుడివైపు చూశాడు. ఎడమవైపు చూశాడు. టోపీ తీసి, దాని కింద ఏమైనా ఉందేమోనని చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత కళ్ళెం పట్టుకున్న చేతిని అలాగే ఉంచి, మోకాళ్ళు వంచి, లేని గుర్రం మీద టకటకమంటూ స్వారీ చేసుకుంటూ స్టేజీ అంతా ఒక చుట్టు తిరిగాడు.

క్రిస్టినాకి అర్థమై మళ్ళీ చిప్పలు అందుకుంది. ఇక ఆ నవ్వు చూడాలి. ఫాదర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. సీతమ్మ పక్కావిడ భుజం మీద తల వాల్చేసింది. వెనక వైపు చెట్టు కింద నిలబడ్డ మగవాళ్ళు ఈలలేశారు.

హెలెన్‌కి ఇవేమీ కనబడవు. ముఖం మీద గుడ్డ. నవ్వు ఏ వైపు నుంచి వస్తోందో విని జనం ఎటున్నారో అంచనా వేసుకుంటూ, చేతులు ముందుకు చాపి తడుముకుంటోంది. ఇంకో రెండడుగులేస్తే స్టేజీ అంచు. శౌరయ్య స్వారీ ఆపకుండానే ఆ వైపు వచ్చాడు. గుర్రం దిగినట్టు దిగాడు. లేని గుర్రాన్ని స్తంభానికి కట్టేసి, మెడ మీద తట్టాడు. తర్వాత వెనకకాళ్ళ దగ్గరికి నడిచి తోక పట్టుకున్నాడు. సాయంత్రం పూట కాలువ నుంచి గేదెని ఇంటికి తోలుకొచ్చినట్టు, తోక పట్టుకుని, నిదానంగా లోపలికి తోలుకుపోయాడు.

తెర వెనక్కి చేరగానే హెలెన్ గుడ్డ తీసిపారేసింది. జుట్టంతా చెదిరిపోయి, చెమటకి చారలు కట్టిన పౌడరుతో ఉంది.

"మొత్తం పాడైపోయిందా? నేనే, నేనే తప్పు తిరిగాను. ఎందుకు నవ్వుతున్నారు వాళ్ళంతా?"

శౌరయ్య చెప్పబోయాడు. ఆవిడ ముఖం, తన చేతిలో ఇంకా పట్టుకున్న తోక, రెండూ చూశాడు. మాట రాలేదు, నవ్వొచ్చింది. ఆపుకుందామన్న ఆలోచన కూడా రాలేదు. గోడకి ఆనుకుని, నోరారా, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. యేసుకుమార్, బెన్నీ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. హెలెన్ మొదట తెల్లబోయి, తర్వాత ఆయన భుజం పట్టుకుని తనూ నవ్వింది, దేనికో తెలియకుండానే.

ఇంటికొచ్చాక ఆవిడ మోకాలు గీరుకుపోయిన సంగతి బయటపడింది. శౌరయ్య పసుపూ నూనే వెచ్చచేసి తెచ్చాడు. రాస్తూ అంతా చెప్పుకొచ్చాడు. గుర్రం ఏ ముక్క ఎటు పోయిందీ, బెన్నీ ముఖం ఎలా పెట్టిందీ, తను టోపీ కింద ఎందుకు చూసిందీ, ఎంతసేపు ఆగిందీ.

"ఒక్క క్షణం ఆగాలి హెలెన్. ఆ క్షణం చాలా ముఖ్యం. తొందరపడితే పోతుంది."

"ఊఁ."

"ఆడవాళ్ళ వైపు నుంచి ముందు నవ్వు మొదలైంది."

"నాకూ అటే వినబడింది. సీతమ్మ గారి గొంతు గుర్తుపట్టాను. తర్వాత ఏమైంది? చెప్పండి, ఆగకండి."

ఆయన ఆగలేదు. ఎప్పుడూ నాలుగు మాటలకి మించి మాట్లాడని మనిషి, పెరుగన్నం చల్లారిపోయినా పట్టించుకోకుండా, మధ్యమధ్య లేచి నిలబడి చేసి చూపిస్తూ చెప్తూనే ఉన్నాడు. ఆవిడ కాలు బల్ల మీద చాపుకుని వింటూ ఉంది.

వాయుగుండం ఒరిస్సా వైపు మళ్ళింది. మర్నాడు పొద్దున ఎండ కాసింది. రోడ్డు పొడుగునా ధాన్యం ఆరబోసి ఉంటే యేసుకుమార్ బస్సుని ఒక పక్కగా, నెమ్మదిగా నడుపుతున్నాడు. కంకిపాడులో జనం తోసుకుని ఎక్కారు. శౌరయ్య మిషన్ పట్టుకుని, సందు చేసుకుంటూ, మునుపటి ముఖంతోనే టికెట్లు కొడుతూ వచ్చాడు. వెనక సీట్లోంచి ఎవరో కేకేశారు.

"కండక్టర్ గారూ, గుర్రం దొరికిందా?"

బస్సంతా ఆయన వైపు తిరిగింది. శౌరయ్య మిషన్ మీది నుంచి తలెత్తాడు. ఒక్క క్షణం ఆగాడు.

"ముందు సగానికే టికెట్ ఉంది," అన్నాడు. "వెనక సగాన్ని పోరంకిలో దింపేశాను."

బస్సు నవ్వులో ఉండగానే ఆయన ఈల వేసి, "రైట్, పోనియ్," అన్నాడు.